గుర్రం పేరు మీద

పెత్రమాస నాడు అందరి ఇళ్లలో చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు. మా ఇంట్లో పెద్దలకు బియ్యం, గుర్రానికి ఉలువలు ఇస్తారు. ఈ మాట చెప్పగానే ఎవరైనా నవ్వుతారు. నవ్వి, మీకు గుర్రం ఎక్కడిదని అడుగుతారు. నలభై ఏళ్లు ఆ ప్రశ్నకు నేను విసుగు లేకుండా, పైగా గర్వంగా జవాబు చెప్పాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఒళ్లు మండిపోతోంది. వాళ్ల మీద కాదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బతుకమ్మ మొదలయ్యే అమావాస్యే పెత్రమాస. సాయంత్రం పూలు పేర్చాలి కాబట్టి పొద్దున్నే ఈ పని అయిపోవాలి. అయ్యగారు, అంటే పురోహితుడు, ఇంటికొస్తాడు. ఒక్కో పెద్ద పేరు మీద ఒక్కో విస్తరి పెడతాం. అందులో బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, ఒక బీరకాయ, పైన దక్షిణ. ఆయన గోత్రం అడిగి, పేరు చదివి, నువ్వులు నీళ్లు విడిపిస్తాడు. పేరు చదవడమే ఇందులో అసలు సంగతి. ఏడాదికొకసారి ఆ పేరు ఇంట్లో పలికితే ఆ మనిషికి ఆకలి తీరినట్టు. మా ఇంట్లో పెద్దల పేర్లన్నీ అయిపోయాక చివర ఒక ఉర్దూ పేరు చదివేవారు, దాని ముందు ఉలువల విస్తరి ఉండేది. నిజాం సర్కారు గుర్రానికి ఉర్దూ పేరు కాక తెలుగు పేరు ఉంటుందా అనుకునేవాళ్లం.

ఆ గుర్రం మా ముత్తాతది. ఆయనది అని అనడమూ తప్పే. ఆయన సాయీసు. సాయీసు గుర్రాన్ని కడుగుతాడు, తోముతాడు, దాణా పెడతాడు, లద్ది ఎత్తుతాడు. దాని మీదికి మాత్రం ఎక్కడు. ఎక్కేవాడు సవారు. కరీంనగర్ దగ్గరి పల్లెలో దొర గడీ గుర్రాలకు గడ్డి వేస్తూ పెరిగిన ముత్తాత, మీసాలు రాకముందే పట్నం వెళ్లి నిజాం గుర్రపు దళంలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఆ దళాన్ని ఓడలెక్కించి పంపారు. మా ఇంట్లో దాన్ని జర్మనీ లడాయి అనేవారు. ఓడ అడుగున గుర్రాలు, వాటి కాళ్ల దగ్గర సాయీసులు. ఓడ ఊగినప్పుడల్లా సాయీసు గుర్రం మెడ పట్టుకుని నిలబడాలి, లేకపోతే అది బెదిరి కాళ్లు విరగ్గొట్టుకుంటుంది. ఓడ దిగితే మిసిరి దేశం, అంటే ఈజిప్టు, ఆ అవతల ఎటు చూసినా ఇసుక.

అక్కడ జరిగిందని మాకు చెప్పిన కథ ఇది. నీళ్లకు కరువు వచ్చింది. అదే సమయానికి ముత్తాతకు జ్వరం తగిలింది. గుర్రం తన బకెట్‌లో నీళ్లు సగమే తాగి, మిగిలిన సగం మూతితో ఆయన వైపు నెట్టేది. అట్లా పది రోజులు చేసింది. ఆ నీళ్లతో ముత్తాత బతికాడు, ఆయన బతికాడు కాబట్టి మా తాత పుట్టాడు, ఆ వరుసలో మేమంతా పుట్టాం. గుర్రం మాత్రం ఆ లడాయిలోనే చనిపోయింది. ఇంత చేసిన గుర్రానికి ఏడాదికి పిడికెడు ఉలువలు పెట్టలేమా? ఇదీ బాపమ్మ మాకు చెప్పిన కథ. బాపమ్మ అంటే మా బాపును కన్నతల్లి, ముత్తాతకు కోడలు.

నేను సర్కారు బడిలో టీచర్‌ని. కరీంనగర్ చుట్టుపక్కల ఏ ఊరికి బదిలీ అయినా ఏడో తరగతి పిల్లలకు ఏటా ఈ కథ చెప్పేదాన్ని. చివర నీతి కూడా తగిలించేదాన్ని. మనుషులకు లేని విశ్వాసం జంతువులకు ఉంటుందని. ఒకసారి ఒక ఆడపిల్ల లేచి, టీచర్, గుర్రం బకెట్ నూకితె నీళ్లు ఒలకవా అని అడిగింది. పిల్లలంతా నవ్వారు. పెద్దవాళ్లు చెప్పేటప్పుడు నోరు మూసుకుని వినాలని దాన్ని కూర్చోబెట్టాను. మంచి ప్రశ్న అడిగిన పిల్లను కసురుకున్న టీచర్‌ని నేను.

బాపు పోయాక పెత్రమాస మా తమ్ముడి చేతికి వచ్చింది. వాడు బెల్లంపల్లిలో బొగ్గుబాయి పని చేసి రిటైరయ్యాడు, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటి పెత్రమాసలో పనేమీ ఉండదు. కానీ వాడి మీద నాకు నమ్మకం లేదు. ఉలువలు మర్చిపోతాడు, లేదా మర్చిపోయినట్టు నటిస్తాడు. అందుకే ఏటా నేనే కరీంనగర్‌లో ఉలువలు కొని, రాళ్లు ఏరి, బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లేదాన్ని.

నిరుటి పెత్రమాస అయిన మర్నాడు వాడు నసుగుతూ సంగతి బయటపెట్టాడు. వచ్చే ఏడు నుంచి ఉలువలు వద్దట. బస్తీలో తమను గుర్రపోళ్లు అంటున్నారట. కొత్త కోడలు తలెత్తుకోలేకపోతోందట.

"గుడ్డి గుర్రానికి పండ్లు తోముడు ఇంకెన్నేండ్లక్కా?" అన్నాడు.

ఆ మాటతో నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ గుర్రం లేకపోతే నువ్వే లేవురా అని అరిచి, బ్యాగు సర్దుకుని వచ్చేశాను. రెండు నెలలు వాడి ఫోన్ ఎత్తలేదు. ఎత్తకపోగా, వాడి నోరు మూయించడానికి ఒక ఉపాయం ఆలోచించాను. కాగజ్‌నగర్‌లో మా మేనత్త ఉంది. బాపుకు అక్క. ఎనభై దాటింది గానీ జ్ఞాపకం గట్టిది. ముత్తాతను కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. గుర్రం ఏ రంగుది, నుదుట మచ్చ ఉందా, ఎక్కడ ఎట్లా చచ్చిపోయింది, అన్నీ ఆమెను అడిగి, ఒక నోటుబుక్కులో రాసి వాడి ముందు పడేద్దామనుకున్నాను. పెద్దపల్లిలో రైలెక్కాను.

అత్త వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఆమె కొడుకు పేపర్ మిల్లులో పని చేసేవాడు. మిల్లు మూతపడ్డ ఏళ్లలో అందరూ తలోదిక్కు పోయినా వీళ్లు ఊరు విడవలేదు. కాసేపు ఆ కష్టసుఖాలు మాట్లాడుకున్నాక, నేను నోటుబుక్కు తీసి గుర్రం ఏ రంగుదని అడిగాను. అత్త గింజలు తీస్తూనే ఉంది. వినపడలేదేమోనని మళ్లీ గట్టిగా అడిగాను.

"ఏ రంగుదో నాకెట్ల తెలుస్తది బిడ్డా? తాత గుర్రం ముచ్చట ఎన్నడు చెప్పలే," అంది.

ఆమె తాతంటే మా ముత్తాత. మరి పేరు చెప్పాడు కదా అన్నాను.

"గా పేరు గుర్రంది కాదు. సాయబుది. గుర్రమెక్కే ఆయనది."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి నా ముందు పెట్టిన చాయ్ చల్లారిపోయింది. చిన్నప్పుడు ముత్తాత నోట విన్నదని అత్త చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను. లడాయిలో గుర్రాలకు నీళ్లు సర్కారే తాపేది. గుర్రం చస్తే సర్కారుకు నష్టం. మనుషులకు మాత్రం తగరపు సీసాతో కొలిచి పోసేవారు, సవారుకు ఒక సీసా అయితే సాయీసుకు అంతకన్నా తక్కువ. ముత్తాతకు జ్వరమొచ్చి నాలుక పిడచకట్టుకుపోయినప్పుడు, ఆ సవారు రోజూ తన సీసాలో సగం ఆయన నోట్లో పోశాడు. పది రోజులు పోశాడు. అడిగితే, నువ్వు చస్తే నా గుర్రాన్ని ఎవరు చూస్తారని నవ్వేవాడట. తర్వాత ఒకనాడు తెల్లవారకముందే సవార్లంతా దాడికి పోయారు. మధ్యాహ్నానికి గుర్రం ఒక్కటే డేరాల దగ్గరికి తిరిగొచ్చింది. జీను మీద మనిషి లేడు. అలవాటు కొద్దీ అది నేరుగా ముత్తాత దగ్గరికొచ్చి దాణా కోసం నిలబడింది. ఆయన దాన్ని కడిగాడు. జీను మీది నెత్తురు కూడా ఆయనే కడిగాడు.

ఊరికి తిరిగొచ్చిన ఏడాది పెత్రమాసకు ముత్తాత తన తండ్రి పక్కన ఇంకో విస్తరి పెట్టించాడు. బియ్యం విస్తరే. అప్పటి అయ్యగారు కాదనలేదు. సర్కారు కొలువు చేసి సముద్రం దాటి వచ్చినవాడితో వాదన ఎందుకనుకున్నాడో, లేక మంచివాడేనో, పేరు చదివి నీళ్లు విడిపించాడు. అట్లా ముప్పై ఏళ్లు నడిచింది.

ఆ తర్వాత రజాకార్ల రోజులు, వెంటనే ఇండియా మిలిటరీ రావడం. ఊళ్లో ఎవరెవరు నిజాం ఉప్పు తిన్నారో ఆరాలు తీస్తున్న కాలం. ఎవరి మీద ఎవరు చాడీ చెబుతారో తెలియదు. ఆ ఏడు పెత్రమాస నాడు నలుగురు మనుషులు మా వాకిట్లోకొచ్చి, మీ ఇంట్లో సాయబు పేరు చదువుతున్నారట, ఎవడు వాడు అని అడిగారు. మా తాత పొలంలో ఉన్నాడు. ముత్తాత గద్దె మీద కూర్చుని ఉన్నాడు, నోరు విప్పలేదు. అప్పుడు బాపమ్మ లోపలికి పోయి చేటలో ఉలువలు తెచ్చి, ఆ విస్తరిలో బియ్యం తీసేసి ఉలువలు పోసింది. అది మనిషి పేరు కాదు, మామ కడిగిన గుర్రం పేరు అంది. వచ్చినవాళ్లు పగలబడి నవ్వారు. సాయీసుకు గుర్రమే సుట్టమని వెక్కిరించి వెళ్లిపోయారు. ఇల్లు నిలబడింది.

"తాత ఒక్క మాట అనలే బిడ్డా. గా పూట అన్నం ముట్టలే. గంతే," అంది అత్త. ఆ తర్వాత చనిపోయేదాకా పెత్రమాస నాడు ఆయన ఇంట్లో ఉండేవాడు కాదట, పొద్దున్నే పొలం వెళ్లిపోయేవాడట. పిల్లలు గుర్రానికి ఎందుకు పెడతామని అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి కావాలి కదా, సాయబు సీసాలో నీళ్లు తీసుకుపోయి బాపమ్మ గుర్రం బకెట్‌లో పోసింది.

భయం పోయిన తర్వాతైనా బాపుకు ఎందుకు చెప్పలేదని నేను అరిచాను. ఎనభై దాటిన మనిషి మీద అరిచాను.

"కడుపు చించుకుంటె కాళ్ల మీద పడ్తది. ఎవలు చెప్తరు?" అంది అత్త, మళ్లీ గింజలు తీస్తూ. "భయం పోయిందిగని అలవాటు పోలే."

తిరుగు రైల్లో నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బాపమ్మ మీద కోపం, కానీ చచ్చిపోయిన మనిషితో పోట్లాడటం ఎట్లా? ముత్తాత మీద కూడా కోపం వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి తలుపేసుకుని మా బాపు చెవిలోనైనా నిజం చెప్పొచ్చు కదా. అన్నిటికంటే నా మీద నాకు కోపం. ఒక మనిషి చేసిన మేలును తీసుకెళ్లి గుర్రానికి అంటగట్టి, పైగా మనుషులకు విశ్వాసం ఉండదని ఊరూరా పిల్లలకు నీతి చెప్పాను. తన నీళ్లు పంచి మా వంశాన్ని నిలబెట్టినవాడికి డెబ్బై అయిదేళ్లుగా దాణా పెడుతున్నాం. ఆ దాణాలో రాళ్లు కూడా నేనే శ్రద్ధగా ఏరాను.

ఆయన వాళ్లెవరైనా ఉన్నారేమో వెతుకుదామనుకున్నాను. తండ్రి పేరు తెలియదు, ఊరు తెలియదు. చరిత్ర చెప్పే ఒక లెక్చరర్‌ను అడిగితే, ఆ పేరుతో ఆ దళంలో ఎంతమంది ఉంటారో, సవారు నంబరు తెస్తే చూద్దామన్నాడు. నంబరు మాకెట్లా తెలుస్తుంది? మాకు మిగిలింది పేరొక్కటే, దాన్ని కూడా గుర్రానికి ఇచ్చేశాం. నాతో పని చేసి రిటైరైన ఉర్దూ టీచరమ్మకు ఈ కథ చెప్పాను. ఆమె వేరే ఏమీ అడగలేదు. పేరు అడిగింది, అక్కడే కళ్లు మూసుకుని చేతులెత్తి దువా చేసింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కానీ ఇంటికి నడుస్తుంటే మళ్లీ అదే బాధ. అది ఆమె చేసింది. ముత్తాత మా ఇంట్లో ఆయనకిచ్చిన చోటు అది కాదు. ఆ చోటు ఆయనకు తిరిగి ఇవ్వాల్సింది మేము.

తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. గుర్రమంటేనే నవ్విన బస్తీకి ఇప్పుడు ఇదంతా ఎట్లా చెప్పాలని విసుక్కున్నాడు. చివరికి, విస్తరి పెడితే పెట్టుకో, అయ్యగారితో మాత్రం నువ్వే మాట్లాడుకో అన్నాడు. అంతకన్నా ఎక్కువ వాడి నుంచి నేను ఆశించలేదు.

ఈ ఏడు పెత్రమాసకు ఒక రోజు ముందే బెల్లంపల్లి వెళ్లాను. ఉలువలు కొనలేదు. మంచి సన్నబియ్యం కొన్నాను. ఆయన బీరకాయ తినేవాడో లేదో తెలియదు, అయినా లేతది ఏరి తెచ్చాను. పొద్దున్నే స్నానం చేసి, ముత్తాత విస్తరి పక్కనే ఆయన విస్తరి పెట్టాను. మరదలు చూసి లోపలికి వెళ్లిపోయింది. కోడలు లోపల తంగేడు పూలు ఒలుస్తోంది. అయ్యగారిని ఎట్లా ఒప్పించాలో బస్సులోనే అంతా అనుకుని వచ్చాను. నలభై ఏళ్లు క్లాసులో నిలబడి మాట్లాడినదాన్ని. ఎన్ని ప్రశ్నలేసినా జవాబు చెప్పగలననే ధైర్యం.

అయ్యగారు కుర్రవాడు. తండ్రి తర్వాత ఈ బస్తీ ఇళ్లన్నీ అతనే చూస్తున్నాడు. బైకు వాకిట్లో ఆపి, తండ్రి రాసిపెట్టిన పాత పుస్తకం తెరిచి కూర్చున్నాడు. బాపు పేరు చదివాడు, తాత పేరు చదివాడు, ముత్తాత పేరు చదివాడు. తమ్ముడు నీళ్లు విడిచాడు. తర్వాతి విస్తరి దగ్గరికొచ్చి ఆగాడు. ఇది గుర్రానిది కదా, ఉలువలేవి అన్నాడు. గుర్రానిది కాదు, మనిషిది అని చెప్పాను. కథంతా చెప్పాను. చాలా పొందికగా చెప్పాననే అనుకుంటాను. అతను శ్రద్ధగానే విన్నాడు. జీను కడిగిన మాట దగ్గర అయ్యో అని కూడా అన్నాడు. విని, పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అమ్మా, వాళ్ల పద్ధతి వాళ్లకున్నది. నేను గీ పేరుకు నీళ్లిడిపిస్తె రేపు నన్ను నాలుగిండ్లల్ల అడుగుతరు. నాది గూడ బతుకే కదా," అన్నాడు.

ఇన్నేళ్లూ మీ బాపు, మీరు విడిపించింది ఈ పేరుకే కదా అన్నాను.

"గుర్రమంటె ఎవలడుగుతరమ్మా?"

ఆ మాటకు జవాబు నేను బస్సులో అనుకున్నవాటిలో లేదు. అతను గట్టిగా అనలేదు, ఎగతాళిగా అనలేదు. ఉన్న మాట చెప్పాడు. తమ్ముడు చెంబు పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. అయ్యగారు ఒకసారి వాకిట్లో బైకు వైపు చూశాడు. అతను ఇంకా చాలా ఇళ్లు తిరగాలి.

నాకు ఎక్కువసేపు పట్టలేదు.

"సరే అయ్యగారు. గుర్రానికే. ఉలువలు దొరకలే, అందుకే బియ్యం పెట్టిన," అన్నాను.

అతను నా ముఖం చూడకుండా పుస్తకం తెరిచాడు. పేరు చదివాడు. తమ్ముడు నీళ్లు విడిచాడు. విస్తర్లన్నీ సంచిలో ఎత్తుకుని అయ్యగారు వెళ్లిపోయాడు.

తమ్ముడు చెంబు పక్కన పెట్టి, నన్ను ఓదార్చాలనే అనుకుంటా, బియ్యమైతే ముట్టినయి కదక్కా అన్నాడు. వాడి మీద కూడా కోపం రాలేదు. ఆ రోజు బాపమ్మ వాకిట్లో నలుగురు నిలబడ్డారు, ఇల్లు పోతుందని భయపడి ఆమె అబద్ధం చెప్పింది. నా ముందు ఎవరున్నారు? తొందరలో ఉన్న ఒక కుర్రవాడు, అంతే.